పడవ జాగా

ఖుష్నుమా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, భుజాన ఉన్న బరువైన కెమెరా సంచీ నేల మీదికి దించి, బల్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. దుర్గారావుకి అది నచ్చింది. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లెవరైనా ముందు అలాగే నిలబడిపోతారు. అతను గోడ పక్కనున్న స్విచ్ నొక్కాడు. బల్ల మీది బొమ్మ యార్డులో ఆగి ఉన్న గూడ్సు బండి సన్నగా మూలిగి కదిలింది. పోర్టు క్రేన్ల కింద నుంచి, బొగ్గు కుప్పల పక్క నుంచి వెళ్లి, గది మూలనున్న కొండలో దూరి, రెండో గోడ వైపు బయటికొచ్చింది.

"ఇంజన్ మీద పెట్టమ్మా ఫోకస్సు. మిగతాదంతా ఎనకాల ఉంటాది," అన్నాడు.

ఖుష్నుమా తల ఊపింది గానీ ఇంజన్ వైపు చూడలేదు. బల్ల అంచు దగ్గర నేల మీద మోకాళ్లూని, చెక్కకి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుంది. ఆ ఎత్తు నుంచి ముందుగా కనిపించేది రైలు కాదు. నీళ్ల అంచు. దాని పైన ఇసుక, ఇసుక మీద ఆరేసిన వలలు, ఒడ్డుకి లాగిన పడవలు, వాటి వెనక రేకుల ఇళ్లు, ఇళ్ల సందులో బట్టలు వేలాడుతున్న తాడు. రైలు ఆ తర్వాతెక్కడో ఉంది.

వంటింటి గుమ్మంలో నిలబడిన దుర్గారావు భార్య మహేశ్వరి ఆ పిల్ల చూపు ఎటుందో గమనించింది. చేతిలోని తడిగుడ్డని నడుముకి దోపుకుని, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

గాజువాకలో వాళ్లది పాత అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. హాలంతా ఆ బల్లే. మూడు గోడల వెంట నడుమెత్తున చెక్కలు పరిచి, వాటి మీద యార్డు, పోర్టు, కొండ, కిటికీ వైపున సముద్రం. చుట్టాలొస్తే పడగ్గదిలో మంచం మీద కూర్చోవాలి. దుర్గారావు రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో టెక్నీషియన్. పట్టాలు పరిచిందీ, వైర్లు లాగిందీ, సిగ్నళ్లు వెలిగించిందీ అతనే. ఒకసారి టీవీ వాళ్లొచ్చారు. స్కూలు పిల్లలు వరస కట్టి చూసి వెళ్లారు. అందరూ దాన్ని దుర్గారావు రైలు అంటారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో అనిరుధ్ అనే ఆయన బొమ్మ రైళ్లకి సొంతంగా ఒక మ్యూజియం కడుతున్నాడు. దీన్ని చెక్క చెక్కగా విప్పి తీసుకెళ్లి, దుర్గారావు పేరుతో అక్కడ శాశ్వతంగా పెడతానన్నాడు. ముందుగా మ్యూజియం గోడ మీద నిలువెత్తున వేయడానికి ఒక ఫోటో అడిగాడు. ముందున్న ఇసుక నుంచి వెనకున్న కొండ దాకా అంతా తేటగా ఉండాలి, చూసినవాడికి ఇది బొమ్మ అనిపించకూడదు. దుర్గారావు ఫోన్లో తీసి పంపినవి ఆయనకి పనికిరాలేదు. వాటిలో ఇంజన్ ఒక్కటే తేటగా ఉండేది. మిగిలిన ఊరంతా మసక.

బల్ల వెళ్లిపోతోందని మహేశ్వరికి మొగుడు ఫోన్లో మాట్లాడుతుంటే విని తెలిసింది. అడిగితే, మంచిదే కదా, మన బండి మ్యూజియంలో ఉంటుంది అన్నాడు. ఆమె వాదించలేదు. ఆ రోజు చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది. అతను గమనించకుండా తినేశాడు.

ఖుష్నుమా వాళ్లది పాత టౌనులో స్టూడియో. తండ్రి కరీం బాషా పెళ్లిళ్లు తీసేవాడు. ఆమె బంగారం కొట్ల వాళ్లకి ఉంగరాలూ జూకాలూ తీస్తుంది. చిన్న వస్తువుని దగ్గర నుంచి తీయడం ఎందుకు కష్టమో ఆమె దుర్గారావుకి తీరిగ్గా చెప్పింది. లెన్సు దగ్గరకి జరిగే కొద్దీ తేటగా కనిపించే మేర సన్నబడిపోతుంది. పడవ ముక్కు స్పష్టంగా ఉంటే తోక చెదిరిపోతుంది. ఆ మసక చూడగానే కన్ను ఇది బొమ్మ అని పట్టేస్తుంది. లెన్సు రంధ్రం మూసే కొద్దీ లోతు పెరుగుతుంది గానీ, మరీ మూసేస్తే మొత్తం ఫోటోయే మసకబారుతుంది. అందుకని రంధ్రం మధ్యస్థంగా పెట్టి, ముందు నీళ్ల మీద, తర్వాత ఇసుక మీద, వలల మీద, ఇళ్ల మీద, అలా కొండ దాకా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా ఫోటోలు తీయాలి. ఒక్కోదాంట్లో తేటగా ఉన్న ముక్కని తీసుకుని కంప్యూటర్లో కలపాలి. ఆ వరస పూర్తయ్యేదాకా గదిలో వెంట్రుక కూడా కదలకూడదు.

ఆ మొదటి రోజంతా కదలకుండా ఉండటం నేర్చుకోవడంతోనే సరిపోయింది. ఫ్యాను ఆపారు. కిటికీ తలుపులు బిగించారు. దుర్గారావు బండిని ఆపేశాడు. ఖుష్నుమా చేతిలోని రిమోట్ నొక్కుతుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అంతలో హైవే మీద స్టీలు చుట్టలు వేసుకున్న ట్రైలరు లారీ ఏదో వెళ్లేది. నేల సన్నగా అదిరేది. బల్ల మీద దీపస్తంభాలు వణికేవి. వరస మళ్లీ మొదటికొచ్చేది. దుర్గారావు విసుక్కుని కింద టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

మహేశ్వరి మాత్రం కదల్లేదు. మెడ మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. ట్రైలరు దూరంగా ఉండగానే ఆమెకి తెలిసిపోయేది. చెయ్యి కొంచెం ఎత్తేది. ఖుష్నుమా ఆగేది.

*

రెండో రోజు దుర్గారావు పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆడవాళ్లిద్దరే మిగిలారు.

ముందు దుమ్ము దులపాల్సి వచ్చింది. కళ్లకి కనిపించని దుమ్ము లెన్సులో బండరాళ్లలా కనిపిస్తోందని ఖుష్నుమా అంది. మహేశ్వరి మొహానికి పౌడరు రాసుకునే మెత్తటి కుంచె తెచ్చి, రేకుల కప్పుల మీద, పడవల్లో, వలల మడతల్లో నెమ్మదిగా దులిపింది. ఏ ఇల్లు ఊడివస్తుందో, ఏది అతికించి ఉందో చేతికే తెలిసినట్టు చూడకుండానే తీసి పెట్టింది. ఖుష్నుమా ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. కప్పుల రేకులు బిస్కట్ పెట్టెల్లోని ముడతల అట్ట. వలలు పాత చున్నీ. ఎండబెట్టిన చేపలు మాత్రల వెనకుండే వెండి కాగితం, కత్తెరతో కత్తిరించినవి. పడవలు ఐస్‌క్రీం పుల్లలు, రంగులు గోళ్ల రంగు. నీళ్లకి వార్నిష్ పూత మీద పూత, ఒకటి ఆరాక ఇంకోటి, ఒక వానాకాలమంతా పట్టింది. ఇసుక మాత్రం నిజమైనదే. జాలరిపేట ఒడ్డు నుంచి తెచ్చి, టీ వడపోసే జల్లెడలో జల్లించింది. మహేశ్వరి పుట్టిల్లు ఆ జాలరిపేటే.

ఇదంతా నువ్వే చేశావా అక్కా అని ఖుష్నుమా అడిగింది. పట్టాలు ఆయనవని మహేశ్వరి చెప్పింది.

వెలుతురు ఎటు నుంచి రావాలన్నది తర్వాతి మాట. ఇంజన్ మొహం మీద పడాలని దుర్గారావు చెప్పి వెళ్లాడు. ఖుష్నుమా దీపాన్ని అలాగే పెట్టి చూసింది. మహేశ్వరి కాసేపు ఆగి, సూర్యుడు కొండ మీంచి రాడని అంది. వైజాగ్‌లో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. పడవల నీడలు ఇళ్ల మీదికి పడతాయి, ఇళ్ల నీడలు పట్టాల మీదికి. ఖుష్నుమా నవ్వి దీపం స్టాండు ఎత్తుకెళ్లి కిటికీ పక్కన, నీళ్లకి కొంచెం పైన పెట్టింది. కెమెరాని కూడా బాగా దించేసింది. లెన్సు ఇప్పుడు వార్నిష్ నీళ్లని తాకీతాకనట్టు ఉంది. నేల మీద మోకాళ్లూని కెమెరాలోకి చూస్తూ రిమోట్ నొక్కింది. మహేశ్వరి గోడకి ఆనుకుని నిలబడి ఊపిరి ఆపుకుంది. ఆ పూట ట్రైలర్లు ఎందుకో తక్కువగా వెళ్లాయి.

ముక్కలన్నీ కలిసి ల్యాప్‌టాప్ తెర మీద ఒక్క ఫోటోగా నిలబడేసరికి మధ్యాహ్నమైంది. అన్నం తినమని పిలవడానికి వచ్చిన మహేశ్వరి అక్కడే ఆగిపోయింది.

ఇన్నేళ్లూ ఆమె ఆ ఒడ్డుని పైనుంచే చూసింది. ఆ ఇసుకలో నిలబడ్డ మనిషి ఎత్తు నుంచి ఎప్పుడూ చూడలేదు. తెర మీద నీళ్లు ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇసుక తడి ఆరుతోంది. వెండి చేపల పక్కన వల ముడులు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. వెనక తల్లి గురువమ్మ ఇల్లు, ఆ ఇంటి నీలం తలుపు, ఇంకా వెనక క్రేన్లు, రైలు, కొండ, అన్నీ ఒకే పొద్దులో ఒకే ఊరిలా ఉన్నాయి. ఒడ్డున పడవల వరస మధ్యలో ఒక చోట పడవ లేదు. పడవ అడుగు ఒరుసుకుపోయిన పొడుగాటి గుంట, దాని పక్కన రెండు దుంగలు. పైనుంచి చూస్తే ఆ ఖాళీ ఎవరి కంటా పడేది కాదు. ఇప్పుడు చూపు తిన్నగా దాని మీదికే వెళ్తోంది.

ఖుష్నుమా కూడా దాన్నే చూస్తోంది. ముందు భాగం కొంచెం బోసిగా ఉంది, కెమెరా పక్కకి జరపనా అని అడిగింది.

"వొద్దు," అంది మహేశ్వరి. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది. "అది మా నాన్న పడవ జాగా. ఓ పొద్దు ఏటకెల్లినోడు మరి రాలేదు. సముద్రం మీంచి ఒడ్డుకొచ్చే మనిషికి ఇదిగో, ఇలాగే కనపడతాది."

ఖుష్నుమా ల్యాప్‌టాప్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

తర్వాత అన్నం దగ్గర మహేశ్వరి ఇంకొంచెం చెప్పింది. తండ్రి జగ్గయ్యా, పడవా, రెండూ దొరకలేదు. దొరకని మనిషికి కర్మ ఎలా చేయాలో ఊళ్లో పెద్దలు ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు. దుర్గారావు అప్పుడు షెడ్డుకి సెలవు పెట్టి, గురువమ్మని రెక్క పట్టుకుని రోజూ ఒడ్డున నిలబడేవాడు. ఆ ఏడే మహేశ్వరి కిటికీ పక్క ఖాళీ చెక్క మీద ఇసుక పోయడం మొదలెట్టింది. జాలరిపేటలో నిజం జాగా ఇప్పుడు లేదు. జగ్గయ్యతో కలిసి వేటకెళ్లే చలమయ్య తన పడవ తెచ్చి అందులో పెట్టేశాడు. ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. సొంత తమ్ముడిలా ఇంట్లో తిరిగినవాడు. అప్పట్నుంచి మహేశ్వరి అతనితో మాట్లాడలేదు, పలకరించినా మొహం తిప్పుకుని పోతుంది. ఆ జాగా ఇంక ఈ చెక్క మీదే ఉంది.

సాయంత్రం దుర్గారావు వచ్చి ఫోటో చూసి, చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంజన్ అందులో అగ్గిపుల్లంత ఉంది. అయినా అతనికి కోపం రాలేదు. ఇది మన హాలే అంటే ఎవరు నమ్ముతారు అన్నాడు. అక్కడికక్కడే అనిరుధ్‌కి పంపించాడు. ఫోటో కింద మీ ఇద్దరి పేర్లూ వేయించండి అన్నా అని ఖుష్నుమా అంది. దుర్గారావు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వాడు. ఆవిడది డెకరేషనేలే అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మహేశ్వరి కుంచెలోని దుమ్ము అరచేతి మీద తట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

*

మూడో రోజు ఖుష్నుమా ఇంకొన్ని ఫోటోలు తీయడానికి వచ్చింది. వస్తూ ఒక పెద్ద అట్ట కవరు తెచ్చి వంటింట్లో మహేశ్వరి చేతిలో పెట్టింది. నిన్నటి ఫోటో, వాళ్ల స్టూడియోలో తనే ప్రింటు వేసింది. ఇది నీ కోసం, ఇంకెవరికీ ఇవ్వక్కర్లేదని చెప్పింది. మహేశ్వరి దాన్ని సగం బయటికి లాగి చూసి, మళ్లీ లోపలికి తోసి, బియ్యం డబ్బా వెనక నిలబెట్టింది. అమ్మకి చూపించాలనుకుంది. జాలరిపేటలో పోయిన జాగా తను ఇన్నాళ్లూ ఎలా కాపాడిందో అమ్మ ఒక్కసారీ చూడలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె రెండు అంతస్తులు ఎక్కలేదు.

పదిగంటలప్పుడు అనిరుధ్ ఫోన్ చేశాడు. దుర్గారావు స్పీకరు ఆన్ చేసి, అందరూ వినాలన్నట్టు ఫోన్ బల్ల మీద పెట్టాడు. మహేశ్వరి టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉంది.

ఆయన గొంతు మంచిగా, ఉత్సాహంగా ఉంది. తను ఎన్నో దేశాల్లో ఇలాంటివి చూశానని, ఎక్కడా ఇలాంటి ఒడ్డు చూడలేదని అన్నాడు. పట్టాలు ఎవరైనా వేస్తారు, ఈ ఊరు వేయలేరు అన్నాడు. ఆ ఇళ్లూ పడవలూ ఎవరు చేశారని అడిగాడు. వాళ్లు హైదరాబాద్ రావాలి, ఇంకా చాలా పని ఉంది అన్నాడు.

దుర్గారావు చూపుడు వేలితో పట్టా పక్కన కంకర సర్దాడు. పై అధికారులతో మాట్లాడేటప్పుడు మాత్రమే వచ్చే గొంతుతో, "అంతా నేనే సార్. ఇంట్లో ఆవిడ కొంచెం రంగులు వేసింది," అన్నాడు.

ఖుష్నుమా తలెత్తి మహేశ్వరి వైపు చూసింది. మహేశ్వరి కప్పులు బల్ల చివర పెట్టింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

అనిరుధ్ ఇంకో సంగతి చెప్పాడు. ముందు ఇసుకలో ఒక చోట ఖాళీగా ఉంది, పని పూర్తవనట్టు కనిపిస్తోంది. అంత పెద్ద గోడ మీద మొదట కళ్లు అక్కడికే పోతాయి. ఒక పడవ పెట్టి మళ్లీ తీయించండి. దుర్గారావు అలాగే సార్ అన్నాడు.

మహేశ్వరి వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద పాలు దించింది. దించిన గిన్నెని మళ్లీ పొయ్యి మీదే పెట్టింది. అంతా నేనే అన్న మాట చెవుల్లో గింగుర్లెత్తుతోంది గానీ, రెండో సంగతి ఇంకా పూర్తిగా లోపలికి దిగలేదు. అక్కని అడిగారా అన్నా అని అవతల ఖుష్నుమా గొంతు వినిపించింది. దీనికేటి అడిగేదమ్మా అన్నాడు దుర్గారావు. అలమర తలుపు కిర్రుమంది. అప్పుడు ఆమె పరుగు లాంటి నడకతో హాల్లోకి వచ్చింది.

అతను అప్పటికే పెట్టేశాడు. అలమరలో మిగిలి ఉన్న పడవ, ఆమె చేసిందే, ఆకుపచ్చది. అడుగున ఫెవిక్విక్ పోసి గుంటలో సరిగ్గా కూర్చోబెట్టి, రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఖుష్నుమా కెమెరా దగ్గర లేదు. గోడ పక్కకి జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏటి పెట్టినావక్కడ?" అంది మహేశ్వరి.

"ఆయన ఖాళీగుందన్నాడు కదా. సూడు, సరిగ్గా సరిపోనాది."

"అది నాన్న పడవ జాగా, మావా."

"ఏ జాగా?" అన్నాడు దుర్గారావు. అని, ఆమె మొహం చూశాడు. పడవని చూశాడు. పడవ వెనక ఉన్న నీలం తలుపుని చూశాడు. అతని వేళ్లు పడవ మీద అలాగే ఉండిపోయాయి. "నాకు సెప్పలేదు కదే నువ్వు."

"ఏటి సెప్పాల? మా అమ్మని పట్టుకుని ఆ ఒడ్డున నిలబడింది నువ్వే కదా."

అతను పడవని లాగాడు. అది రాలేదు. గోరు దూర్చి పైకి లేపాడు. పడవతో పాటు ఇసుక చెక్కులా లేచి వచ్చింది. గుంటా పోయింది, ఒక దుంగా పోయింది. కింద తెల్లటి సుద్ద బయటపడింది. అతను పడవని తిప్పి చూసి, దాని అడుగున అంటుకున్న ఇసుకని మళ్లీ అక్కడ పెట్టబోయాడు.

"ఇంక ముట్టుకోకు," అంది మహేశ్వరి. ఆమె గొంతు పెరగలేదు. "అంతా నానే అన్నావు. అన్నావు, సరే. ఇదొక్కటి నన్నడగాల్సింది."

దుర్గారావు బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఖుష్నుమా చప్పుడు కాకుండా స్టాండు మడిచి, లెన్సుకి మూత పెట్టి, సామాను సంచీలో సర్దుకుంది. ఇంక ఫోటోలు తీయనని ఆమె చెప్పలేదు. చెప్పమని అతనూ అడగలేదు. వెళ్లేటప్పుడు మహేశ్వరి మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

*

మర్నాడు పొద్దున్నే మహేశ్వరి గుడ్డ సంచీలో అట్ట కవరు పెట్టుకుని బస్సెక్కింది. చెదిరిన చోట పోయడానికి ఒడ్డు ఇసుక కావాలి. ఇంట్లో సీసాలో కొంచెం మిగిలి ఉంది గానీ, దాని రంగు మారిపోయింది. తల్లికి ఫోటో చూపించాలన్నది రెండో పని. నిజానికి అదే మొదటిది.

ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగి ఆటో ఎక్కాక దుర్గారావు ఫోన్ చేశాడు. అనిరుధ్ గారికి ఉన్నమాట చెప్పేశానన్నాడు. ఒడ్డంతా నీదేనని, ఇళ్లూ పడవలూ అన్నీ నీవేనని. ఆయన చాలా సంతోషించాడట. పేరు నీదే ముందు వేస్తానన్నాడట.

"అలాగా," అంది మహేశ్వరి.

ఈ మాట కోసం ఆమె ఎంతకాలం ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు విన్నాక లోపల ఏమీ కదల్లేదు. ఆటోలో పక్కన కూర్చున్నావిడ బుట్ట మోకాలికి గుచ్చుకుంటోంది, అది తెలుస్తోంది. దుర్గారావు ఇంకా మాట్లాడుతున్నాడు. ఆయన ఆ ఖాళీ సంగతి మాత్రం మళ్లీ అడిగాడట, పడవ ఉంటేనే బాగుంటుంది, మేడమ్‌నే అడిగి చెప్పండి అన్నాడట. ఏం చెప్పమంటావని అడిగాడు. వచ్చాక చెప్తానని ఆమె ఫోన్ పెట్టేసింది.

జాలరిపేటలో పడవలు అప్పుడే ఒడ్డుకి చేరాయి. గురువమ్మ ఇంటి ముందు టార్పాలిన్ పరిచి కవ్వళ్ల చేపలు ఆరబోస్తోంది. కూతుర్ని చూసి, ఫోనైనా సెయ్యలేదేటే అంది. మహేశ్వరి సంచీ భుజం నుంచి తీయకుండానే నీళ్లు తాగింది. ముందు ఇసుక తీసుకుని వస్తానంది. ఏ ఇసుక అని తల్లి అడిగేలోపే ఒడ్డుకి నడిచింది.

జగ్గయ్య జాగాలో చలమయ్య ఫైబర్ పడవ ఉంది. చలమయ్య దాని నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. ఆమెని చూసి, ఎప్పుడొచ్చినావమ్మా అన్నాడు. జవాబు రాదని తెలిసినవాడిలా, జవాబు కోసం చూడకుండా వల పక్కకి జరుపుకుని దారిచ్చాడు. మహేశ్వరి మాట్లాడకుండా పడవ ముక్కు దగ్గర గొంతుక్కూర్చుంది. అక్కడి ఇసుకే కావాలి. అయినా అతని కళ్ల ముందు, అతని పడవ కింద చెయ్యి పెట్టడానికి మనసు రాలేదు. అతను చూసి, లేచి, వల కొసలు పోగేసుకుని ఇంకో పడవ చాటుకి వెళ్లిపోయాడు.

గురువమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది.

"ఆడు మాటాడితే పలకవేటే?" అంది.

"నాన్న జాగాలో పడవెట్టినోడితో నాకేటి మాటలమ్మా."

గురువమ్మ పడవ అంచు పట్టుకుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆడెట్టలేదు. నానే ఎట్టించినాను."

మహేశ్వరి తలెత్తింది.

"ఆడు వొద్దన్నాడు. అన్న జాగా వొదినా, నాను ఎట్టలేనన్నాడు. నానే ఏడిసి ఒప్పించినాను. పొద్దున్న తలుపు తీత్తే ఆ గుంటే కనబడతాది. రాత్రి తలుపు మూత్తే అదే. ఇసుక దానంతటదే పూడిపోతాదేమో అనుకున్నాను. గాలికి పూడినా నా కళ్లకి పూడలేదు. ఒకనాడు సీకట్లో నానే సేత్తో పూడ్సీబోయినాను. సలమయ్య సూసి లేపి తీసుకెల్లినాడు. అప్పుడు ఒప్పుకున్నాడు."

"నాకెందుకు సెప్పలేదు?"

"ఏటి సెప్పీది? మీ నాన్న జాగా నానే ఇచ్చేసినానని సెప్పీదా?" గురువమ్మ సముద్రం వైపు చూసింది. "నువ్వు ఆడి మీద కోపంగా ఉంటే, పోనీలే, నా మీదైతే లేదు కదాని ఊరుకున్నాను. ఆడూ నన్నెప్పుడూ బయటెట్టలేదు."

దూరంగా ఇంకో పడవ వెనక చలమయ్య వంగి వల కుట్టుకుంటున్నాడు. మహేశ్వరి అతని వీపునే చూస్తూ కూర్చుంది. ఆమె ఎన్నిసార్లు ఈ ఒడ్డుకి వచ్చిందో, ఎన్నిసార్లు మొహం తిప్పుకుందో, అన్నిసార్లూ అతను ఎప్పుడొచ్చినావమ్మా అనే అడిగాడు. హాల్లో కిటికీ పక్కన కూర్చుని తను ఆ గుంటని చాకు మొనతో గీసింది. పాడైనప్పుడల్లా మళ్లీ గీసింది. ఇక్కడ అమ్మ దాన్ని చేత్తో పూడ్చుకుంది.

చాలాసేపటికి ఆమె ఫోన్ తీసి ఇంటికి చేసింది. దుర్గారావు మొదటి రింగుకే ఎత్తాడు. ఆ పడవ ఏం చేశావని అడిగింది. జేబులోనే ఉందన్నాడు. తీసిన దగ్గర్నుంచీ అక్కడే ఉందన్నాడు.

"పారేయకు. నానొచ్చి ఆ జాగాలోనే పెడతాను."

అతను ఏదో అడగబోయాడు. అడగలేదు. సరే అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, పడవ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. గురువమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేయలేదు, ఓదార్చలేదు. పక్కనే కూర్చుని ఉంది. ఎండ పడవ మీద నుంచి జారి ఇద్దరి కాళ్ల మీదికి వచ్చింది.

"ఇసుక కావాలన్నావు కదా," అంది గురువమ్మ కాసేపటికి. "ఆ సంచీలో ఏటే, అట్ట బయటికొచ్చింది?"

మహేశ్వరి కవరుని వేళ్లతో లోపలికి తోసింది. అది సంచీ అడుగున ఒక పక్కకి ఒరిగింది.

"ఏటీ లేదమ్మా. ఇసుక కిందికి కారిపోకుండా అట్ట వేసి తెచ్చుకున్నాను."

గురువమ్మ ముందుకి వంగి, పడవ కింద చెయ్యి పెట్టి, పైన తడి పొర తోసేసి, లోపలి పొడి ఇసుక దోసిలితో తీసింది. మహేశ్వరి సంచీ మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకుంది. తల్లి దోసిలి తర్వాత దోసిలి అందులో పోసింది. చాలా అని అడిగింది. ఇంకొంచెం పొయ్యమంది మహేశ్వరి.